డబ్బులు ఇరుక్కుంటే ఎవులిస్తారు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఫోనుతో డబ్బులు పంపడానికి ఒప్పుకోని మనిషి గురించి ఎవరినడిగినా జవాబు ఒకటే: "వాళ్ళకి తెలీదండీ, భయం." 2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం జిల్లా అక్షరాస్యత సుమారు 62 శాతం, విజయనగరం సుమారు 59 శాతం. కాబట్టి ఆ జవాబు నిజమేననిపిస్తుంది. కానీ ఆ తెలీని తల్లే గుజరాత్ వెరావల్‌లో బోటెక్కిన కొడుక్కి వాట్సాప్‌లో మాట రికార్డు చేసి పంపుతుంది. చదవడం రాకపోయినా యూట్యూబ్‌లో మైకు గుర్తు నొక్కి కావలసింది అడుగుతుంది. ఏ సిమ్ముకి వేసిన రీచార్జి ఏ రోజుతో అయిపోతుందో క్యాలెండరు చూడకుండా చెప్తుంది. ఇన్ని చేతనైన మనిషికి డబ్బు దగ్గర మాత్రం చెయ్యి ఆగిందంటే అక్కడేదో లెక్క వేసుకుందన్నమాట. ఆ లెక్కలో మొదటి ప్రశ్న, "ఇరుక్కుంటే ఎవులిస్తారు?" మొబైల్ సేవలు ఎవరు వాడతారు, ఎవరు వాడరు అన్నదాన్ని ఈ ప్రాంతంలో తేల్చేది ఆ ప్రశ్నకి దొరికే జవాబేనని నా వాదన. తేలిక, ప్రయోజనం, చవక అన్నీ దాని తర్వాతే.

పరిశోధకులు ఈ విషయాన్ని చాలాకాలంగా తవ్వుతున్నారు. 1989లో ఫ్రెడ్ డేవిస్ అనే ఆయన, కొత్త సాంకేతికతని మనిషి ఒప్పుకోవడం రెండు నమ్మకాల మీద ఆధారపడుతుందన్నాడు: ఇది నాకు పనికొస్తుందా, దీన్ని వాడటం తేలికేనా. 2003లో వెంకటేశ్, మోరిస్, ఇద్దరు డేవిస్‌లు (పాతాయన ఒకరు, ఇంకో డేవిస్ ఒకరు) కలిసి దాన్ని నాలుగంశాలుగా విస్తరించారు: ప్రయోజనం, శ్రమ, చుట్టూ ఉన్నవాళ్ళ మాట, వాడటానికి కావలసిన వసతులు. 2012లో మామూలు వినియోగదారుల కోసం సరదా, ధరకి తగ్గ విలువ, అలవాటు కూడా చేర్చారు. ముప్పు, నమ్మకం వంటివి వేరేవాళ్ళు కలిపారు. ఈ పట్టికలో తప్పేమీ లేదు. అయితే దీని పునాది ఆఫీసులో కంప్యూటరు వాడే ఉద్యోగుల మీద పడింది. ఆఫీసులో సాఫ్ట్‌వేరు మొరాయిస్తే నష్టం కంపెనీది. కూలికెళ్ళే మనిషి ఐదొందలు మధ్యలో ఆగిపోతే నష్టం ఎవరిదో ఆ పట్టిక అడగదు.

ప్రయోజనం సంగతి ఇక్కడ ఎప్పుడో తేలిపోయింది. యూపీఐ 2016 ఏప్రిల్‌లో మొదలైంది. అదే సంవత్సరం సెప్టెంబరు 5న జియో వచ్చి డేటా ధర పడేసింది, నవంబరు 8న పెద్దనోట్లు రద్దయ్యాయి, డిసెంబరు 30న భీమ్ యాప్ వచ్చింది. చివరి మూడూ నాలుగు నెలల్లోనే ఒకదానిమీద ఒకటి పడ్డాయి. కానీ అలవాటు నిలబెట్టింది నోట్లరద్దు అనుకుంటే పొరపాటు. నిలబెట్టింది చిల్లర. బస్సులో కండక్టరు టిక్కెట్టు వెనక బాకీ రాసి దిగేటప్పుడు అడగమనడం, కొట్లో రెండు రూపాయలకి బదులు చాక్లెట్టు చేతిలో పెట్టడం, కూరగాయల బండి దగ్గర ఐదొందల నోటు చూసి ముఖం తిప్పుకోవడం: ఇవన్నీ రోజూ తగిలే బాధలు. పదిహేడు రూపాయలకి పదిహేడే పంపొచ్చంటే ప్రయోజనం ఎవరికీ వివరించనక్కర్లేదు.

మరి ఎక్కడ ఆగుతోంది? మొట్టమొదటి మెట్టు దగ్గరే చాలామంది ఆగుతున్నారు. దాని గురించి యాప్‌ల ప్రకటనల్లో ఒక్క ముక్క ఉండదు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

యూపీఐ యాప్ తెరిచి నంబరు ఇవ్వగానే అది మీ సిమ్ము నుంచి ఒక ఎస్సెమ్మెస్ దానంతటదే పంపుతుంది. ఈ ఫోనులో ఈ సిమ్ము ఉందని రుజువు చేసుకునే పద్ధతి అది. ఆ సిమ్ములో బయటికి ఎస్సెమ్మెస్ వెళ్ళే ప్యాకు లేకపోతే అక్కడే ఆగిపోతుంది. తెర మీద మాత్రం "మళ్ళీ ప్రయత్నించండి" అని వస్తుంది, రీచార్జి లేదని చెప్పదు. రెండు సిమ్ముల ఫోనులో బ్యాంకులో ఇచ్చిన నంబరు రెండో సిమ్ముదై, ఎస్సెమ్మెస్ మొదటి సిమ్ము నుంచి వెళ్తే కూడా అంతే. ఇది దాటితే, బ్యాంకు పుస్తకంలో ఉన్న నంబరు ఇదేనా అన్నది వస్తుంది. జన్‌ధన్ ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన నంబరు పెద్దకొడుకుదో, అప్పట్లో వాడి పారేసిన సిమ్ముదో అయివుంటుంది. మార్చాలంటే పాస్‌బుక్కు, ఆధార్ నకళ్ళు పట్టుకుని బ్రాంచికి వెళ్ళాలి. ఆ తర్వాత పిన్ను పెట్టుకోవడానికి ఏటీఎం కార్డు చివరి ఆరంకెలు, గడువు తేదీ అడుగుతుంది. కార్డు గడువు దాటి ట్రంకుపెట్టెలో ఉంటుంది. కార్డు లేకపోతే ఆధార్ ఓటీపీతో పెట్టుకోవచ్చు, కానీ దానికి ఆధార్‌కి ఫోను నంబరు కలిసుండాలి. కలపాలంటే ఆధార్ కేంద్రానికి వెళ్ళాలి, రుసుము కట్టాలి. 2025 అక్టోబరు నుంచి అది 75 రూపాయలు. ఇన్నీ అయ్యాక ఖాతాలో రెండేళ్ళుగా ఏ లావాదేవీ లేదని, కేవైసీ మళ్ళీ ఇవ్వాలని తెలుస్తుంది. కొత్తగా నమోదైన ఫోనుకి మొదటి ఇరవైనాలుగు గంటలు పంపే మొత్తానికి 5,000 రూపాయల పరిమితి కూడా ఉంటుంది. అది తెలియక, ఆస్పత్రి బిల్లు కట్టే రోజే యాప్ పెట్టుకున్నవాళ్ళు కౌంటరు దగ్గర నిలబడిపోతారు.

బ్యాంకుల విలీనాలు దీనికి తోడు. ఈ వైపు ఊరూరా ఖాతాలున్న ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. గ్రామీణ వికాస్ బ్యాంకు రాష్ట్రంలోని శాఖలు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగమయ్యాయి. విలీనమైన ప్రతిసారీ కోడ్లు, యాప్‌లు, పాస్‌బుక్కులు మారతాయి. చదువుకున్నవాళ్ళకి అది ఒక సాయంత్రం చికాకు. బోర్డు మీది పేరు చూసి బ్యాంకుని గుర్తుపట్టే మనిషికి, ఎవరిని నమ్మి డబ్బు వేశానో వాళ్ళే లేకుండా పోయారన్నమాట.

ఈ మెట్లన్నిటినీ చూసి "వాడటం కష్టం" అని రాసుకోవచ్చు. కష్టమే. కానీ కష్టానికి జనం వెనక్కి తగ్గరు. రేషను కార్డు కోసం, పింఛను కోసం ఇంతకంటే ఎక్కువ మెట్లెక్కారు. అక్కడ చివర ఏం దొరుకుతుందో తెలుసు, దొరక్కపోతే ఎవరి గుమ్మం ముందు కూర్చోవాలో కూడా తెలుసు. ఇక్కడ ఆ రెండోది తెలీదు.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. యూపీఐలో డబ్బు వెళ్ళాలంటే పంపేవాడి బ్యాంకు ముందు ఖాతాలోంచి తీస్తుంది. యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ ఆ కబురు అవతలి బ్యాంకుకి చేరుస్తుంది. అవతలి బ్యాంకు "వేశాను" అని బదులివ్వాలి. ఈ బదులు సమయానికి రాకపోతే తెర మీద పెండింగ్ అని పడుతుంది. ఖాతాలో డబ్బు తగ్గింది, డబ్బు పడగానే పలికే కొట్టువాడి పెట్టె మోగలేదు. కొట్టువాడు "రాలేదమ్మా" అంటాడు, నిజమే చెప్తున్నాడు. వెనక నలుగురున్నారు. ఆమె నోటు తీసి ఇచ్చి వెళ్ళిపోతుంది. ఓ పావుగంటకి అవతలి బ్యాంకు తేరుకుంటే కొట్టువాడికి ఆ డబ్బు కూడా పడుతుంది. ఒకే సరుకుకి రెండుసార్లు కట్టింది. కొట్టువాడు ఎరిగినవాడైతే ఇస్తాడు, సంతలో వాడైతే మళ్ళీ వారమే.

దీనికి నియమం ఉంది, అదీ మంచి నియమమే. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశం ప్రకారం, మనిషికి పంపిన డబ్బు చేరకపోతే మర్నాటికల్లా పంపినవాడి ఖాతాకి తిరిగి రావాలి. కొట్టుకి కట్టినదైతే ఐదు రోజుల్లోపు తేలాలి. గడువు దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున బ్యాంకు పరిహారం కట్టాలి, అదీ ఎవరూ అడగకుండానే. ఫిర్యాదు ముందు యాప్‌లో, తర్వాత బ్యాంకులో. ముప్ఫై రోజుల్లో తేలకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్ళొచ్చు, దాని నంబరు 14448. ప్రతి లావాదేవీకీ పన్నెండంకెల యూటీఆర్ నంబరుంటుంది. అది రాసుకుని పెట్టుకుంటే ఏ ఫిర్యాదైనా కదులుతుంది, లేకపోతే కదలదు.

కానీ లెక్క చూడండి. ఉపాధి హామీ రోజుకూలి 2025-26లో మన రాష్ట్రానికి 307 రూపాయలు. ఇరుక్కున్నది 200. మందస మండలంలో లోపలి ఊరి నుంచి పలాస బ్రాంచికి రావాలంటే ఆటో ఖర్చు, ఒక రోజు పని పోవడం. బ్రాంచిలో "యాప్‌లోనే కంప్లైంటు పెట్టాలమ్మా" అంటే ఆ రోజు కూడా వృథా. రెండొందల కోసం మూడొందలు పోగొట్టుకునే పని తెలివైనవాళ్ళెవరూ చెయ్యరు. "పోన్లే, వొగ్గీ" అని ఊరుకుంటారు. యూపీఐ ఎక్కువ పనికొచ్చేది చిన్నమొత్తాలకే, వెంటపడి తెచ్చుకోవడం గిట్టుబాటు కానిదీ ఆ చిన్నమొత్తాలకే. నియమం కాగితం మీద ఉన్నా ఆమె లెక్కలో లేదు. "సాంకేతిక భయం" అని మనం పేరుపెట్టిన చాలా కేసులు దగ్గరకెళ్ళి చూస్తే ఈ కూడికలు తీసివేతలే.

మోసం సంగతి అందరూ మాట్లాడుతున్నారు కాబట్టి క్లుప్తంగా. డబ్బు అందుకోవడానికి పిన్ను కొట్టనక్కర్లేదన్న ఒక్కమాట గుర్తుంటే సగం ఉచ్చులు పనిచెయ్యవు. వాట్సాప్‌లో పీఎం కిసాన్ పేరుతోనో బ్యాంకు పేరుతోనో వచ్చే ఏపీకే ఫైలు (నొక్కితే ఫోన్లో యాప్ పెట్టేసేది) నొక్కకూడదు, అది ఓటీపీలు చదివేస్తుంది. పోయిందని తెలిసిన నిమిషంలోనే 1930కి ఫోను చెయ్యాలి. డబ్బు ఇంకా ఖాతాల మధ్య తిరుగుతుండగానే ఆపగలరు, తర్వాత కష్టం. మన పొరపాటు లేకుండా మూడోవాడి వల్ల పోతే, మూడు పనిదినాల్లోపు బ్యాంకుకి చెప్పినవాళ్ళకి నష్టం అంటదని రిజర్వు బ్యాంకు 2017లోనే చెప్పింది. పిన్ను మనమే చెప్పివుంటే ఆ రక్షణ లేదు, ఫిర్యాదు ఇచ్చే వరకూ పోయినదంతా మనదే. ఈ చివరి మాట చాలా ముఖ్యం. ఎందుకంటే మన ఊళ్ళలో చాలా పిన్నులు సెల్ పాయింటు కుర్రాడికి తెలుసు. పెట్టిచ్చింది అతనే. ఖాతా ఉన్న తల్లి పుట్టిన సంవత్సరమే పిన్ను. అతను మంచివాడే కావచ్చు, కానీ నియమం దృష్టిలో ఆమె రహస్యం బయటపెట్టింది.

సెల్ పాయింటు అన్నాను కాబట్టి అక్కడే కాస్త ఆగుతాను. ఈ జిల్లాల్లో మొబైల్ సేవలకి అసలు ప్రచారకుడు అతనే. రీచార్జి, కొత్త సిమ్ము, పగిలిన గ్లాసు, ఆర్టీసీ రిజర్వేషను, పరీక్ష ఫీజు అన్నీ అతని దగ్గరే. అతను "ఇది వద్దక్కా" అన్న యాప్ ఊళ్ళోకి రాదు. కెన్యాలో 2007లో ఎం-పెసా వచ్చినప్పుడు దాన్ని నిలబెట్టింది కూడా వీధిచివర కొట్లో కూర్చున్న ఏజెంటే: డబ్బు ఇస్తే ఫోన్లో వేస్తాడు, అడిగితే నోట్లిస్తాడు, తేడా వస్తే రేపూ అక్కడే ఉంటాడు. అదే ఎం-పెసాని వొడాఫోన్ మన దేశానికి తెచ్చి 2019లో మూసేసుకుంది. సాఫ్ట్‌వేరుని ఎక్కడికైనా తేవచ్చు, ఏజెంటు మీద ఊరికుండే నమ్మకాన్ని తేలేము. మన దగ్గర అలాంటి నమ్మకం ఇప్పటికే డ్వాక్రా సంఘాల చుట్టూ ఉంది. ఆ సంఘాల ద్వారా పేదరికం తగ్గించడానికి పెట్టిన వెలుగు కార్యక్రమం 2000లో మొదలైన ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. పాతికేళ్ళుగా సంఘం పుస్తకాలు రాసే మనిషి చెప్పిన మాటకి బ్యాంకు మేనేజరు మాటకంటే విలువెక్కువ. పరిశోధకులు "సామాజిక ప్రభావం" అనేది ఇక్కడ ఒక పేరూ ఒక ఇల్లూ ఉన్న మనిషి.

మొబైల్ సేవని ఒక్క మనిషి నిర్ణయంగా చూడటం ఇంకో పొరపాటు. డబ్బు విషయంలో నిర్ణయం ఎప్పుడూ ఇద్దరిది. శ్రీకాకుళం తీరం నుంచి వేలమంది మత్స్యకారులు గుజరాత్ వెరావల్‌కి పనికెళ్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో వేట నిషేధం. గుజరాత్ వైపు నిషేధం జూన్‌లో మొదలవుతుంది. మిగతా కాలమంతా అక్కడే. అక్కడున్నవాడికి ఫోనుతో పంపడం అరనిమిషం పని. ఇక్కడ అందుకునే తల్లికి అది ఖాతాలో అంకె మాత్రమే, చేతిలోకి నోటు కావాలి. ఏటీఎం మండల కేంద్రంలో. దగ్గర్లో ఉన్నది వేలిముద్రతో డబ్బిచ్చే బ్యాంకు మిత్ర. ఒక్కసారికి పదివేలు మించి రాదు. వెయ్యికి పదో ఇరవయ్యో పట్టుకునేవాళ్ళూ ఉన్నారు. ఆమెకి ఆ ఖర్చు, ఆ తిరుగుడు ఉన్నంతకాలం కొడుకు యాప్ వాడినా ఇంట్లో యాప్ వాడరు. కిరాణా కొట్టు, పాలవాడు, స్కూలు ఆటో అందరూ ఫోన్లో తీసుకోవడం మొదలైన ఊళ్ళో మాత్రం ఆ డబ్బు నోటు కావలసిన అవసరమే తగ్గిపోతుంది. అక్కడ తల్లి కూడా మారుతుంది.

ఆ కొడుకు సిమ్ము సంగతి మరో చిక్కు. బోటు మీద వారాల తరబడి సిగ్నలు ఉండదు, రీచార్జి అయిపోతుంది. వరసగా తొంభై రోజులు వాడకపోతే నంబరు రద్దయి ఇంకెవరికో వెళ్ళే అవకాశముంది. బ్యాంకులో అదే నంబరుంటే ఓటీపీలు ఆ కొత్త మనిషికి పోతాయి. దూరం వెళ్ళేముందు బ్యాంకు నంబరుగా ఇంట్లో నిత్యం వాడే సిమ్ము పెట్టుకోవాలా, తన సిమ్మే ఉంచుకోవాలా అన్నది ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోవలసిన సంగతి. మొదటిదైతే యాప్ అతని ఫోన్లో పనిచెయ్యదు. రెండోదైతే రీచార్జి ఆగకూడదు.

వేలిముద్ర గురించి పలాసలో అడగాలి. జీడిపప్పు కార్ఖానాల్లో పిక్కలు కొట్టి పప్పు తీసే ఆడవాళ్ళ వేళ్ళకి పిక్క తొక్కలోని జీడినూనె తగులుతుంది. అది చర్మాన్ని కాలుస్తుంది. గీతలు అరిగిపోతాయి, కొన్నాళ్ళకి చర్మం పొరలుగా ఊడుతుంది. ఆ వేలిని యంత్రం మీద పెడితే "సరిపోలలేదు" అంటుంది. తన డబ్బుకి తన వేలే సాక్ష్యం చెప్పని మనిషికి "ఆధార్ ఉంటే చాలు, అన్నీ సులువే" అని ఏ ముఖంతో చెప్తాం? చేతులు కడుక్కుని ఆరబెట్టుకోవడం, కొబ్బరినూనె రాసి తుడిచి పెట్టడం, వేరే వేలు ప్రయత్నించడం వంటి చిట్కాలు కొన్నిసార్లు పనిచేస్తాయి. ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు కొత్తగా ఇవ్వొచ్చు, కానీ పని మానకుండా ఇచ్చినవి మళ్ళీ అరుగుతాయి. కనుపాపతోనో ముఖంతోనో గుర్తించే ఏర్పాటు ప్రతి బ్యాంకు మిత్ర దగ్గరా ఉంటే తప్ప దీనికి మందు లేదు.

తుపాన్ల సంగతి వదిలేస్తే ఈ ప్రాంతం గురించి రాసినట్టే కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ వరసగా పడ్డాయి. కరెంటు లేకపోతే టవర్ లేదు, టవర్ లేకపోతే ఏటీఎం, యాప్ రెండూ లేవు. ఆ రోజుల్లో జనరేటరు మీద ఫోన్లకి చార్జింగు పెట్టుకోవడానికి కూడా నోటే కావాలి. ఇంట్లో రెండు మూడువేలు నోట్లుగా దాచుకునే అలవాటుని "డిజిటల్‌కి వ్యతిరేకత" అనేవాళ్ళు అక్టోబరు నెలలో సోంపేటలో ఒక వారం ఉండి చూడాలి. యూపీఐ లైట్ ఇక్కడ కొంత పనికొస్తుంది. ఐదువేల దాకా ఫోన్లోనే వేసుకుని, వెయ్యి వరకూ పిన్ను లేకుండా కట్టొచ్చు. బ్యాంకు సర్వరు మొరాయించినా ఇది నడుస్తుంది. నెట్ మాత్రం ఉండాలి, కాబట్టి తుపానుకి మందు కాదు, పండగ ముందురోజు రద్దీకి మందు. ఫోను పోతే అందులోని డబ్బు కోసం తిరగాలి కాబట్టి ఐదువేలూ నింపకుండా వారానికి సరిపడా వేసుకోవడం మేలు.

ఖర్చు విషయం. యూపీఐ ఉచితం అంటారు. 2020 జనవరి నుంచి కొట్టువాడి దగ్గర కూడా రుసుము తీసుకోరు. కానీ యూపీఐ నడవాలంటే సిమ్ము బతికుండాలి. 2024 జులైలో ధరలు పెరిగాక సాధారణ ప్యాకు 28 రోజులకి రెండొందలకి దగ్గరైంది. నెలకి కాదు, 28 రోజులకి. అంటే ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీచార్జిలు. రెండు సిమ్ముల ఇంట్లో ఇది చిన్న మొత్తం కాదు. డేటా అక్కర్లేనివాళ్ళకి మాటలు, ఎస్సెమ్మెస్సులు మాత్రమే ఉండే ప్యాకులు పెట్టాలని 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించింది. ఆ ప్యాకులున్నాయని కొట్టువాడు తనంతట చెప్పడు, అడిగి వేయించుకోవాలి. డేటా లేని బటన్ ఫోనుకి 2022లో మొదలైన యూపీఐ 123పే ఉంది. నంబరుకి ఫోను చేసి, గొంతు చెప్పినట్టు అంకెలు నొక్కడమే. కానీ అది వాడేవాళ్ళని వెతకాలి. కారణం పద్ధతిలో లేదు, పైన చెప్పిన బ్యాంకు నంబరు, కార్డు మెట్లన్నీ దానికీ ఉన్నాయి.

కొట్టువాళ్ళ వైపు కూడా ఒక మాట. డబ్బు పడగానే తెలుగులో మొత్తం చెప్పే పెట్టె వచ్చాకే చిన్న కొట్లు నమ్మాయి. అంతకుముందు తెర చూపించి "పంపానండి" అని నకిలీ రసీదుతో వెళ్ళిపోయేవాళ్ళుండేవాళ్ళు. పెట్టెకి నెల అద్దె ఉన్నా పెట్టుకుంటున్నారు. 2025 జులైలో కర్ణాటకలో యూపీఐ లెక్కలు చూసి చిన్న వ్యాపారులకి జీఎస్టీ నోటీసులిచ్చారన్న వార్త ఇక్కడిదాకా వచ్చి, క్యూఆర్ కాగితం చింపేయాలా అని అడిగినవాళ్ళున్నారు. సరుకు అమ్మేవాళ్ళకి ఏడాదికి నలభై లక్షలు, సేవలకి ఇరవై లక్షలు దాటితేనే నమోదు అవసరం. రోజుకి మూడువేల బేరం చేసే టీకొట్టుకి దాంతో పనిలేదు. చెప్పేవాళ్ళు లేక పుట్టిన భయం ఇది, చెప్తే పోతుంది.

చెప్పినా పోనిది ఇంకొకటుంది. ఖాతాలో పడిన డబ్బు అందరికీ కనిపిస్తుంది. పంట అప్పు పాతబాకీ ఉన్న రైతు ధాన్యం డబ్బు ఖాతాలో పడితే బ్యాంకు పట్టుకుంటుందని నోటే అడుగుతాడు. మొగుడి చేతికి చిక్కకుండా పోపుడబ్బాలో దాచుకునే ఆడమనిషికి, ఫోను మొగుడి జేబులో ఉండే ఇంట్లో, ఖాతాకంటే డబ్బాయే భద్రం. ఎస్సెమ్మెస్ ముందు అతనే చదువుతాడు. ఇలాంటి మనిషికి శిక్షణ ఇవ్వాలనడం నాకు హాస్యాస్పదంగా కనిపిస్తుంది. ఆమెకి కావలసింది ఆమె పేరున ఒక సిమ్ము, ఆమె చేతిలో ఒక ఫోను.

భాష గురించి, వాట్సాప్ గురించి కలిపే చెప్తాను. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు పెట్టింది. 9552300009కి హాయ్ అని పంపితే చాలు. కొత్త యాప్ దించుకోనక్కర్లేదు, రోజూ తెరిచే చోటే ఉంది. అందుకే దానికి అవకాశం ఎక్కువ. అయితే వరసలు వరసలుగా వచ్చే జాబితాలు చదవగలగాలి. సీతంపేట ఏజెన్సీలో ఇంట్లో సవర మాట్లాడే మనిషికి తెలుగు జాబితా కూడా పరాయిదే. సవర కోసం జీవితం ధారపోసిన గిడుగు రామమూర్తి పుట్టిన ప్రాంతంలో, నూరేళ్ళ తర్వాత కూడా సవరలో బిల్లు కట్టించుకునే సేవ ఒక్కటీ కనిపించకపోవడం సిగ్గుపడాల్సిన సంగతి.

అలవాటు ఎంత పెళుసుదో 2024 జులైలో తేలింది. బిల్లుల చెల్లింపు నియమాలు మారి, తెలుగు రాష్ట్రాల కరెంటు పంపిణీ సంస్థలు (డిస్కంలు) ఫోన్‌పే, గూగుల్ పేలలో కరెంటు బిల్లులు తీసుకోవడం కొంతకాలం ఆపేశాయి. తర్వాత మొదలైంది. కానీ అప్పుడే నేర్చుకుంటున్నవాళ్ళలో కొందరు కౌంటరు వరసలోకి తిరిగి వెళ్ళిపోయారు, మళ్ళీ రాలేదు. ఎందుకాగిందో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

ఇక చెయ్యగలిగినవి. ఇంట్లో పెద్దవాళ్ళకి నేర్పేటప్పుడు దాచుకున్న డబ్బున్న ఖాతాకి యాప్ కలపొద్దు. చిల్లర ఖర్చుకి వేరే ఖాతా తెరిచి రెండువేలు వేసి దానికే కలపండి. పోతే అంతవరకే పోతుందని తెలిశాక చెయ్యి ఆడుతుంది. కొత్తవాళ్ళకి పంపేముందు ఒక్క రూపాయి పంపి, పేరు చూసి, అవతల అందిందని ఫోన్లో విన్నాక మిగతాది. పెండింగ్ పడితే వెంటనే రెండోసారి కొట్టకుండా ఆ తెరని ఫొటో తీసి ఉంచుకోవడం. కొడుకో కూతురో దూరంగా ఉంటే 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్ చూడండి. తల్లిదండ్రుల ఫోనుని పిల్లల ఖాతాకి కలిపి, ఒక్కసారికి ఐదువేలు, నెలకి పదిహేనువేలు మించకుండా వాడుకునే హక్కివ్వొచ్చు. ఇరుక్కుంటే తిరగాల్సింది పిల్లలే. ముసలివాళ్ళు ధైర్యంగా వాడేది అందుకే.

ప్రభుత్వం చెయ్యాల్సింది ఒక్కటే అడుగుతాను. 2019 అక్టోబరు 2 నుంచి ప్రతి ఊరికీ దగ్గర్లో సచివాలయం ఉంది, అందులో డిజిటల్ అసిస్టెంటు ఉన్నాడు. ఇరుక్కున్న డబ్బు ఫిర్యాదు అక్కడే తీసుకుని, యాప్‌లోనూ బ్యాంకులోనూ నమోదు చేసి, ఒక చీటీ ఇవ్వాలి. అందులో ఉండాల్సినవి: పంపిన తేదీ, మొత్తం, యూటీఆర్ నంబరు, రెండు బ్యాంకుల పేర్లు, డబ్బు తిరిగి రావలసిన గడువు, ఏ రోజు నుంచి వంద రూపాయల పరిహారం లెక్కకొస్తుందో ఆ తేదీ. రాయడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ చీటీ పట్టుకెళ్ళిన మనిషి బ్రాంచిలో కథ మొదటినుంచీ చెప్పుకోనక్కర్లేదు. గడువు దాటితే అంబుడ్స్‌మన్‌కి జతచెయ్యాల్సిన కాగితం కూడా అదే.